వాది పేరు పైన, అన్న పేరు కింద

బాపట్లలో నల్లకోటు తొడుక్కుని, పెళ్ళయ్యాక తెనాలికి మారిన కొత్తల్లో నేను నేర్చుకున్న మొదటి న్యాయశాస్త్రం కాగితం మడత పెట్టడం. నవ్వకండి. కోర్టులో వేసే కాగితాన్ని నిలువుగా మధ్యకి మడవాలి. మడిచాక పైకి కనిపించే పక్కన కోర్టు పేరు, దావా నెంబరు, వాది ఎవరు, ప్రతివాది ఎవరు, ఎవరి తరఫున వేస్తున్నాం అన్నీ రాయాలి. దాన్ని డాకెట్ అంటారు. డాకెట్ వంకరగా ఉంటే మా సీనియర్ లాయరు గారికి ఆ పూట అన్నం సయించేది కాదు. ఎడమ పక్క నాలుగు వేళ్ళ ఖాళీ వదలమనేవారు. వదిలామా లేదా అని నిజంగానే వేళ్ళు ఆనించి చూసేవారు. కాగితానికి ఒక పక్కనే టైపు చేయాలి. వరుసకీ వరుసకీ మధ్య గాలాడాలి. ప్రతి పేజీ అడుగునా కక్షిదారు సంతకం ఉండాలి. వీటిలో ఏది తప్పినా కోర్టులో కాగితాలు తీసుకునే సెక్షన్ గుమస్తా వాటిని వెనక్కి ఇచ్చేస్తాడు.

"నీ వాదన జడ్జిగారి చెవిన పడాలంటే ముందు నీ కాగితం గుమస్తాగారి కంటికి ఆనాలమ్మా" అనేవారు సీనియర్ గారు.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. అసలే నాది ముక్కుమీద కోపం. న్యాయం కోసం మనుషులు ఏళ్ళ తరబడి తిరుగుతుంటే ఈయన మార్జిన్ కొలుస్తాడేమిటని లోపల్లోపల సణుక్కునేదాన్ని. రానురాను ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఇంటికి పెళ్ళి శుభలేఖ వస్తే పెళ్ళికూతురు పేరు కంటే ముందు ఎడమ పక్క ఖాళీ చూసేదాన్ని. మా ఆయన "ఏంటి, రిటర్న్ కొడతావా?" అని ఏడిపించేవాడు. బాగా ఒత్తుగా అచ్చేసిన శుభలేఖలు ఇప్పటికీ నాకు కిట్టవు.

టైపు మిషన్లు మూలపడి, కోర్టుల ఎదురుగా కంప్యూటర్ కొట్లు పుట్టుకొస్తున్న రోజులవి. సీనియర్ గారు నన్ను మొదటిసారి ఒంటరిగా రేపల్లె కోర్టుకి పంపించారు. పని వినడానికి చిన్నదే. కృష్ణ ఒడ్డున లంకపొలం ఉన్న అన్నదమ్ములు ఒక గట్టు కోసం ఆరేళ్ళుగా కొట్లాడుకుంటున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నారు. దావా వేసింది తమ్ముడు, అతను మా కక్షిదారు. చివరికి వాళ్ళ మధ్య రాజీ కుదిర్చింది మేమూ కాదు, పెద్దమనుషులూ కాదు. మొగుళ్ళు కోర్టుకి తిరుగుతున్న ఆరేళ్ళూ తోడికోడళ్ళిద్దరూ దొడ్డిగోడ మీంచి కూరలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారట. ఇక చాల్లెమ్మని వాళ్ళే తేల్చేశారు. గట్టు ఇద్దరిదీ, దాని మీద దారి ఇద్దరిదీ.

నేను చేయాల్సిందల్లా ఆ రాజీ పిటిషన్ కోర్టులో వేసి, జడ్జిగారి ముందు ఇద్దరి చేతా ఒప్పించి, రికార్డు చేయించడం. కానీ ఆ మర్నాటి నుంచి కోర్టుకి వేసవి సెలవులు. అంతకుముందు ఒకసారి వీళ్ళు ఇలాగే ఒప్పుకుని, వాయిదా నాటికి ఎవరో ఎగదోస్తే మళ్ళీ బద్ధశత్రువులయ్యారు. "ఆలస్యం అమృతం విషం. ఇవాళ రికార్డు చేయించకుండా తెనాలి రైలెక్కావో, సెలవుల తర్వాత నీకు దొరికేది రాజీ కాదు, ఇంకో దావా" అన్నారు సీనియర్ గారు.

పొద్దున్నే పాసింజర్ ఎక్కాను. భట్టిప్రోలు దాటేవరకూ పిటిషన్ని పదిసార్లు చదివాను. మార్జిన్ ముద్దొచ్చేలా ఉంది. డాకెట్ గీత గీసినట్టుంది. అవతలి లాయరు గారు ముందే సంతకం చేసేశారు. ఇక అన్నదమ్ముల సంతకాలు పడితే చాలు. గుమస్తా వేలు పెట్టడానికి సందు లేదని నాలో నేనే మురిసిపోయాను.

కోర్టు ఆవరణలో వాళ్ళిద్దరూ దూరదూరంగా నిలబడి ఉన్నారు. రాజీకి ఒప్పుకున్నారు గానీ వాళ్ళకి ఇంకా మాటల్లేవు. అన్న నాతో "వాడు టిఫిన్ చేశాడో లేదో కనుక్కోండమ్మా" అన్నాడు. తమ్ముడు అక్కడే ఉండి వింటూ, "అయిందని చెప్పండి లాయరమ్మగారూ" అన్నాడు. ఇద్దరి మధ్యా నేను పోస్ట్‌మ్యాన్‌ని.

కాగితాలు తమ్ముడి చేతికిచ్చి సంతకం పెట్టమన్నాను. అతను మొదటి పేజీ పైన చూసి కలం దించేశాడు.

"ఇదేంటండీ? నా పేరు పైనా, అన్నయ్య పేరు కిందా వేశారు?"

"మీరు వాది కదండీ. వాది పేరే పైన ఉంటుంది."

"ఇంటికి పెద్దోడు ఆయనండి. ఆయన పేరు మీద నా పేరు ఎట్టా కూచుంటదండీ?"

"ఆరేళ్ళుగా అట్లాగే కూర్చుంది కదయ్యా!" నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అప్పుడు దావా అండి. ఇప్పుడు రాజీ కదండీ" అన్నాడు తమ్ముడు, ఎంతో సహనంగా, నాకు అర్థమయ్యేలా చెబుతున్నట్టు.

ఇంతలో అన్న కల్పించుకుని "పోన్లెండమ్మా, వాడి పేరే పైన ఉండనీండి, నాకేం పట్టింపు లేదు" అన్నాడు. అది ఇంకా ముంచింది. "ఆయనకి నా మీద కోపం పోలేదండి. అందుకే పట్టింపు లేదంటున్నాడు" అని తమ్ముడు వెళ్ళి చెట్టుకింద కూర్చున్నాడు. తన మాటకి తమ్ముడు పెడర్థం తీసినందుకు అన్నకి చిన్నతనమనిపించి అతను గేటు దాకా వెళ్ళిపోయాడు. గట్టు కోసం ఆరేళ్ళు కొట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు మర్యాద కోసం విడిపోయేలా ఉన్నారు.

పరుగున ఎదురుగా ఉన్న కంప్యూటర్ కొట్టుకెళ్ళాను. కొట్టు నడిపే ఆవిడ పాన్ నములుతూ, "పేర్లు పైకీ కిందకీ మార్చడమేగా, ఎంతసేపు" అని మార్చేసింది. మళ్ళీ డాకెట్, మళ్ళీ అవతలి లాయరు సంతకం. అన్న పేరు పైకెక్కిన కాగితం చూసి తమ్ముడి మొహం వెలిగింది. ఇద్దరూ టకటకా సంతకాలు పెట్టేశారు. సెక్షన్లో ఇచ్చాను. గుమస్తా గారు కళ్ళజోడు సర్దుకుని ఒక్క చూపు చూసి, "దావాలో వాది పైనున్నాడు, ఇందులో ప్రతివాది పైనున్నాడు. దావాలో ఎట్లా ఉంటే ఇందులోనూ అట్లానే ఉండాలి కదమ్మా" అని వెనక్కి ఇచ్చేశారు. ఆయన్ని ఏమనగలను? అదే మాట నేను పొద్దున తమ్ముడితో అన్నాను. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టారు. భోజనమయ్యాక జడ్జిగారు బెంచి ఎక్కగానే మా దావా పిలుస్తారు.

నాకు కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, ఆకలీ వేసింది. వరండా మెట్ల మీద కూర్చుని తెనాలి నుంచి తెచ్చిన మొదటి పిటిషన్ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. పైన పేర్లు కదలవు. ఎడమ ఖాళీ కదలదు. నెంబరు కదలదు. పేజీ మొత్తం పైనుంచి కిందికి వెతుక్కుంటూ వచ్చి, అడుగున ఆగాను. ప్రతి పేజీ అడుగునా ఇద్దరి సంతకాలూ ఉండాలని చెప్పారు గానీ, ఎవరిది పైన ఎవరిది కింద అని నాకు ఎవరూ చెప్పలేదు. సీనియర్ గారు కూడా చెప్పలేదు!

ఒక్క గెంతున తమ్ముడున్న చెట్టుకిందకి వెళ్ళాను. "చూడండి, పైన ఉన్న పేర్లు కోర్టువాళ్ళవి. వాటి జోలికి మనం పోలేం. అడుగున సంతకాలు మాత్రం మీవి. అక్కడ అన్నయ్యది పైన, మీది కింద."

"అన్ని పేజీల్లోనూనా అండీ?"

"అన్ని పేజీల్లోనూ."

తమ్ముడు లేచి పంచె దులుపుకున్నాడు. అన్నని పిలిపించాను. అన్న ప్రతి పేజీ అడుగునా నింపాదిగా సంతకం పెడుతుంటే తమ్ముడు పక్కనే కాగితాలు ఎగరకుండా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఒక్కో సంతకం కిందా తన సంతకం పెట్టాడు. గుమస్తా గారు అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా ముద్ర కొట్టారు. ఆ ముద్ర చప్పుడు నాకు పెళ్ళి మేళంలా వినిపించింది.

జడ్జిగారు షరతులన్నీ తెలుగులో చదివి వినిపించారు. ఇద్దరూ చేతులు కట్టుకుని సమ్మతమే అన్నారు. ఇక అయిపోయిందని నేను ఊపిరి పీల్చుకుంటుండగా, బెంచి క్లర్కు ఆ రాజీని రికార్డు చేసిన కోర్టువారి కాగితం ముందుకు జరిపి, "వాది, ముందు ఇక్కడ" అని వేలుపెట్టి చూపించాడు.

ఇది నా కాగితం కాదు. దీని అడుగున నా తెలివి చెల్లదు. తమ్ముడు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. క్లర్కు గొంతు సవరించుకున్నాడు. జడ్జిగారు తలెత్తి చూశారు. నేను ముందుకెళ్ళి ఏదో చెప్పబోయాను. తమ్ముడు నావైపు చూడలేదు. మెడ తిప్పి నేరుగా అన్నవైపు చూశాడు.

"అన్నయ్యా, నేను ముందు పెట్టనా?"

అన్న భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"పెట్టరా. నీ వెనకాల నేనున్నాగా."

తమ్ముడు వంగి సంతకం పెట్టి, కలం అన్న చేతికి ఇచ్చాడు.