మత్తు డాక్టర్లు కావాలని వెళ్లిన మత్తు డాక్టర్లు

మా జిల్లా కొత్తగా ఏర్పడిన ఏడాది నేను హిందూపురం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టర్ని. దానికి తోడు మంగళ, శుక్రవారాల్లో పెనుకొండ ఆసుపత్రికి డెప్యుటేషన్. అంటే జీతం ఒకచోట, పని రెండుచోట్ల. సిజేరియన్ చేయాలంటే ముందు వెన్నులో మత్తు సూది వేయాలి. అది వేసేవాడు లేకపోతే ఎంత పేరున్న సర్జనైనా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. పెనుకొండలో కాన్పుల డాక్టర్ సుభాషిణి ఉంది, థియేటర్ ఉంది, కొత్త ఆపరేషన్ బల్ల కూడా ఉంది. నేను వెళ్లని రోజుల్లో ఆ బల్ల మీద దుప్పటి కప్పి ఉంచేవారు.

పెనుకొండకు పూర్తికాలం మత్తు డాక్టర్ని వేయించాలని రాష్ట్ర వైద్యుల సంఘంలో పట్టుబట్టాను. అప్పట్లో నేను సంఘం సంయుక్త కార్యదర్శిని. కార్యదర్శి సంతకం పెడతాడు, అధ్యక్షుడు ఫొటోలో ఉంటాడు, సంయుక్త కార్యదర్శి కాగితాలు రాస్తాడు.

మా సంఘంలో అధ్యక్షులు నిలిచే కాలం కాదది. ఒకాయన గడువు అయిపోయింది. రెండో ఆయన ఎన్నిక చెల్లదని కొందరు కోర్టుకెక్కారు. చివరికి రాజీపడి మూడో ఆయన్ను కూర్చోబెట్టారు. కొత్తాయన వచ్చినప్పుడల్లా పాతాయన పంపిన కాగితాలన్నీ తప్పులతడకలని తేలేది. మొదటాయన హయాంలో నేను రాసింది రెండు పేజీల వినతిపత్రం. రెండో ఆయనకు ‘వినతి’ అన్న మాట నామోషీ అనిపించింది, డిమాండ్ల పత్రంగా మార్చమన్నారు. మూడో ఆయన డాక్టర్ చక్రపాణి దాన్ని విజన్ డాక్యుమెంట్ చేయమన్నారు. నిగనిగలాడే అట్ట, ఆయన ముందుమాట, ఆయన ఫొటో చేరాక పెనుకొండ ఎక్కడో వెనక పేజీల్లోకి జరిగింది. ఉంది కదా అని సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే, మూడుసార్లు రాసినవాణ్ని కనుక దాన్ని ఆరోగ్య మంత్రిగారి చేతిలో పెట్టేటప్పుడు పక్కన నిలబడాలని నాకూ గట్టిగానే ఉండింది.

మంత్రిగారు ఒక శుక్రవారం పొద్దున రాజధానికి రమ్మన్నారు. బాధితులు స్వయంగా కనిపిస్తే బలంగా ఉంటుందని చక్రపాణిగారి ఆలోచన. బాధితులంటే గర్భిణులు కాదు, మత్తు డాక్టర్లు. నాకు ఫోన్ చేసి, మీరు లేకపోతే బృందమే లేదన్నారు. మురిసిపోయాను. ఆ శుక్రవారం చేయాల్సిన ఆపరేషన్లను మంగళవారానికి జరపమని సుభాషిణిని అడిగాను. కడుపులో ఉన్నవాళ్లను కూడా ఒకసారి అడిగి చెప్తానంది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

మా సెలవు చీటీలో ఒక గడి ఉంటుంది. మనం లేనప్పుడు బదులు ఎవరు చూసుకుంటారో అక్కడ పేరు రాయాలి. ధర్మవరం ఆసుపత్రిలో మత్తు డాక్టరైన నాగేంద్ర పేరు రాశాను. ఆ మనిషిని అడిగి రాసే అలవాటు మాలో ఎవరికీ లేదు. సూపరింటెండెంటు చదవకుండానే సంతకం చేశారు.

గురువారం సాయంత్రం ధర్మవరం స్టేషన్లో బండి కోసం నిలబడి ఉండగా ఇస్త్రీ చొక్కాతో నాగేంద్ర ఎదురొచ్చాడు. చక్రపాణిగారు అతనికీ విడిగా ఫోన్ చేసి, మీరు లేకపోతే బృందమే లేదన్నారట.

“చీటీలో ఎవరి పేరు రాసినావబ్బా?” అని అడిగాను.

“మీదే సార్,” అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఒకరు వెనక్కి పోవాలని ఇద్దరికీ తెలుసు. ఆ ఒకరు ఎవరన్నది ఇద్దరమూ ఎత్తలేదు. ఒక్కరోజే కదా అనుకుని బండెక్కాం.

మంత్రిగారి గది బయట ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టించుకున్నారు. లోపల శాలువా కప్పడం, పుష్పగుచ్ఛం ఇవ్వడం, ఫొటో దిగడం అయ్యాక మిగిలిన కాస్త సమయంలో మంత్రిగారు అట్ట చూసి బాగుందన్నారు. మరునాడు పేపర్లో పడ్డ ఫొటోలో నా మోచేయి మాత్రం స్పష్టంగా వచ్చింది.

బయటికొచ్చి ఫోన్ తీస్తే సుభాషిణి కాల్స్ వరసగా ఉన్నాయి. ఎర్రమంచి నుంచి అనిత అనే అమ్మాయి నొప్పులతో వచ్చింది. తొలికాన్పు ఆపరేషనే కాబట్టి నొప్పులు పడనిస్తే గర్భసంచికి వేసిన పాత కుట్టు విడిపోవచ్చు. సుభాషిణి నాకు చేసింది, నేను ఎత్తకపోతే చీటీలో పేరున్న నాగేంద్రకు చేసింది. రెండు ఫోన్లూ ఒకే బుట్టలో పక్కపక్కనే మోగాయి. చేసేదిలేక అంబులెన్సులో అనంతపురం పంపింది. కుట్టు దారిలోనే విడిపోయింది. బిడ్డ దక్కింది. తల్లిని బతికించడానికి గర్భసంచి తీసేయవలసి వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో నేను సిగ్గుపడ్డ రోజులు కొన్ని ఉన్నాయి, అంతగా ఎప్పుడూ సిగ్గుపడలేదు.

మంగళవారం పెనుకొండలో అనిత తల్లి గంగమ్మ కేసు కాగితాల కోసం వచ్చింది. నన్ను చూసి ఆగింది.

“శుక్రవారం నువ్వు ఈడికి వచ్చే దినమంట గదా సార్, యాడికి పోయింటివి?”

పెనుకొండకు మత్తు డాక్టర్ కావాలని మంత్రిని అడగడానికి వెళ్లామని చెప్పాను. ఆమె ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

“ఈడ డాక్టరు లేడని చెప్పేదానికి, ఉండే డాక్టరే పోవల్లనా సార్?”

కాగితాలు నేనే వెతికి తెచ్చి ఇచ్చాను.

తర్వాతి సమావేశంలో ఒక తీర్మానం పెట్టాను. డ్యూటీలో ఉండాల్సినవాణ్ని ప్రతినిధి బృందంలో చేర్చకూడదు, సెలవు చీటీలో బదులు డాక్టర్ సంతకం కూడా ఉండాలి అని. ఇలాగైతే పోరాటం నీరుగారుతుందని చక్రపాణిగారు బాధపడ్డారు. ఆయన దిగిపోయాక వచ్చిన నాలుగో ఆయన తీర్మానాన్ని లోతుగా పరిశీలించడానికి కమిటీ వేసి, నన్నే కన్వీనర్ని చేశారు. కొన్నాళ్లకు ప్రభుత్వం పెనుకొండకు పూర్తికాలం మత్తు డాక్టర్ని ఇచ్చింది. ధర్మవరం నుంచి నాగేంద్రను బదిలీ చేసింది. సంఘం దీన్ని చారిత్రక విజయంగా ప్రకటించి ఫ్లెక్సీ కట్టింది. ఆ వారంలోనే ధర్మవరం శాఖవారు, తమ ఊరికి మత్తు డాక్టర్ కావాలని ఒక వినతిపత్రం రాసిపెట్టమని నాకు ఫోన్ చేశారు.

ఆ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయమే. అడగడానికి వెళ్లేవాడు, తను వెళ్తే ఎవరి పని ఆగుతుందో ముందు చూసుకోవాలి. చీటీలో పేరు రాసేముందు ఆ మనిషికి ఫోన్ చేయాలి. ధర్మవరం వాళ్లకు వినతిపత్రం రాసిచ్చాను. అందజేసే రోజు బృందంతో రమ్మంటే రానన్నాను. నాలో పోరాట స్ఫూర్తి తగ్గిందని మినిట్స్‌లో రాసుకున్నారని తర్వాత తెలిసింది. వాళ్లు మంత్రిగారితో ఫొటో దిగిన ఆ పొద్దున నేను హిందూపురంలో ఇద్దరికి మత్తు సూది వేశాను.