నెలాఖరు కేసులు

నేను చేయని తప్పులన్నీ ఒప్పుకున్నాను. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. టీ తాగించి అడిగితే ఒప్పుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

డెబ్బైల మొదట్లో తిరువూరులో ఒక మిల్లు షావుకారు లారీ నడిపేవాణ్ణి. ఎండాకాలం విస్సన్నపేట మామిడికాయలు, మిగతా రోజుల్లో ధాన్యం, పత్తి. మా రోడ్డు మీద డ్యూటీ చేసే పోలీసు హెడ్డుగారు మంచి మనిషే. కానీ నెలకిన్ని కేసులు రాయాలని పైవాళ్ళు ఆయన మెడ మీద కూర్చునేవాళ్ళు. నెలాఖరుకు తక్కువ పడితే మా లారీల దగ్గరికి వచ్చేవాడు.

"ఏవయ్యా, రెండు తగ్గినయ్యి. ఒకటి నువ్వియ్యరాదా?"

దాన్ని 'కేసు ఇవ్వడం' అనేవాళ్ళం, చేబదులు ఇచ్చినట్టు. వెనక దీపం వెలగలేదనో, వేగంగా తోలాననో ఆయన రాసుకునేవాడు. నేను కోర్టుకెళ్ళి తప్పు ఒప్పుకునేవాణ్ణి. జరిమానా షావుకారు కట్టేవాడు. తప్పు మాత్రం నా లైసెన్సు పుస్తకంలో ఎక్కేది. రోజూ మొహం చూడాల్సిన మనిషి అడిగితే కాదని ఎలా అంటాం? నిజంగా తాగి తోలేవాడు మాత్రం దర్జాగా తిరిగేవాడు. వాడికి మొహమాటం లేదు మరి.

ఇంతలో ప్రభుత్వ బస్సులకు డ్రైవర్లను తీసుకుంటున్నారని తెలిసింది. నా భార్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. నెల జీతం వస్తుందని, ఇంటిపట్టున ఉంటానని ఎంతో ఆశపడింది. బెజవాడ వెళ్ళి బస్సు తోలి చూపించాను. పరీక్ష పెట్టినాయన భుజం తట్టి లోపలికి పంపాడు. లోపల ఆఫీసరు నా లైసెన్సు తిరగేశాడు.

"ఏంటయ్యా ఇది? ఖాళీ పేజీ లేదు. నీ చేతిలో యాభైమంది ప్రాణాలు పెట్టమంటావా?"

"అవి నేను చేసినవి కాదండి."

"మరి కోర్టులో ఎందుకు ఒప్పుకున్నావు?"

అడిగారని ఒప్పుకున్నానంటే ఎవరు నమ్ముతారు? వాటిని కొట్టేయించుకోవడానికి అర్జీ ఎవరికి పెట్టాలని అడిగాను. అలాంటి పద్ధతేమీ లేదన్నాడు. ఎక్కించడానికి ఇంతమంది ఉన్నారు, దించడానికి ఒక్కడూ లేడు! ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు దొరికితే నిలదీయాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ నెలాఖరున హెడ్డుగారు వచ్చాడు. సంగతి విని నిజంగానే బాధపడ్డాడు.

"అయ్యో, ముందే చెప్పొద్దూ? ఇంకోళ్ళ పేరు రాసేవాణ్ణి గదా!"

టోపీ సర్దుకుని, గొంతు తగ్గించాడు.

"మరి... ఎటూ ఆ ఉద్యోగం పోయింది గదా. ఈ నెల కూడా ఒకటి తక్కువైంది."

నా ఒళ్ళు మండిపోయింది. చొక్కా పట్టుకుని నాలుగు పీకాలనిపించింది. జేబులోంచి లైసెన్సు తీసి ఇచ్చాను.