అయిదో నిబంధన

వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీదున్న కమర్షియల్ హైస్కూల్లో గోడకెక్కిన ప్రతి పేరూ గోవిందు చేతి మీదుగా ఎక్కిందే. హెడ్మాస్టరు గది బయట వరండాలో రెండు పెద్ద చెక్క బోర్డులుండేవి. ఒకటి ఏటేటా ఆటల పోటీల్లో వ్యక్తిగత చాంపియన్‌గా నిలిచిన వాళ్ల పేర్లది. రెండోది బహుమతుల నిబంధనలది. రెండింటికీ నల్ల ఎనామిల్ పూసి, సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, పసుపు రంగుతో అక్షరాలు నిలబెట్టింది గోవిందే.

అతను చదివింది అయిదో తరగతి. రాత నేర్చుకున్నది మాత్రం గద్వాలలో, పెయింటర్ ఈదన్న దగ్గర. ఆరేళ్లు డబ్బాలు కడిగి, బ్రష్షులు తుడిచాక, ఒకరోజు ఈదన్న అతన్ని ఒక ఎరువుల దుకాణం గోడ ముందు నిలబెట్టి బ్రష్షు చేతికిచ్చాడు. రాయడం అయ్యాక రోడ్డు అవతలికి వెళ్లి చూసి, "నిలబడ్డది" అన్నాడు. గోవిందుకు అదే పట్టా.

ఈదన్న దగ్గర నుంచి అతనికి ఒక అలవాటు కూడా వచ్చింది. బోర్డు రాసినా, రాసిన బోర్డులో ఒక వరస కలిపినా, చివర చీమంత అక్షరాలతో తేదీ వేయడం. "రంగు ఏడాదికే ఎలిసిపాయెనని ఎవడన్న మీదికొస్తడు. వానితోని కొట్లాడకు, తేది సూపియ్యి" అనేవాడు ఈదన్న. నిబంధనల బోర్డు మూలన 12-7-1996 అని ఉండేది. చాంపియన్ల బోర్డులో ప్రతి పేరు పక్కనా ఒక చిన్న తేదీ ఉండేది. ఆ బడిలో ఎవరూ వాటిని ఎన్నడూ పట్టించుకోలేదు.

గోవిందు బిడ్డ యమున అదే బడిలో పదో తరగతి. వాళ్లది పెబ్బేరు దాటాక నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. ఆ ఊరి బస్సు వనపర్తి స్టాండులో పావుతక్కువ అయిదుకు కదిలేది. బడి విడిచేది నాలుగున్నరకు. ఆ తర్వాత గంటసేపు కామర్స్ క్లబ్బు, టైపు క్లబ్బు, ఇంగ్లీషు మాట్లాడే క్లబ్బు నడిచేవి. గంట కొట్టగానే యమున సంచి వీపుకు బిగించి బస్టాండు దాకా ఒకే ఉరుకు ఉరికేది. ఆటల మాస్టరు సామ్యూల్ ఆమె పరుగును మొదట చూసింది మైదానంలో కాదు, ఆ రోడ్డు మీదే.

2005 జనవరిలో బడి పోటీలు జరిగాయి. ఛాతీకి కట్టుకునే గుడ్డ నంబర్లు ఎప్పటిలాగే గోవిందు రాసిచ్చాడు. యమునది పదిహేడు. రెండు వందల మీటర్లు, నాలుగు వందలు, ఎనిమిది వందలు, మూడింట్లోనూ ఆమె మొదట వచ్చింది. లాంగ్ జంపులో రెండో స్థానం. మొదటి స్థానానికి అయిదు, రెండోదానికి మూడు, మూడోదానికి ఒకటి. మొత్తం పద్దెనిమిది పాయింట్లు. ఆమె తర్వాత పదకొండుతో ఉమ ఉంది. ఉమ కామర్స్ క్లబ్బు కార్యదర్శి. రైసుమిల్లు యజమాని, బడి కమిటీ అధ్యక్షుడు అయిన పెద్దమనిషి కూతురు. ఎనిమిది వందల పరుగులో చివరి చుట్టు యమున ఒక్కతే ఉరుకుతున్నట్టు ఉరికింది. కంచె బయట నిలబడి చూసిన గోవిందు ఆ రాత్రి పేర్ల బోర్డును మనసులోనే కొలుచుకున్నాడు. యమున అంటే మూడే అక్షరాలు. కొంచెం ఎడంగా, పెద్దగా రాయొచ్చు.

ఫిబ్రవరి పదిహేడున బడి నుంచి పిలుపు వచ్చింది. ఎల్లుండి వార్షికోత్సవం. అటెండరు దేవమ్మ అతని చేతిలో ఒక చీటీ పెట్టింది. అందులో 'ఉమ, పదవ తరగతి' అని ఉంది.

"దేవమ్మా, ఇది ఎవరు రాసిండ్రు?"

"సారు ఇయ్యమన్నడు, ఇచ్చిన. ఏంది, తప్పు పడ్డదా?"

"తప్పే పడ్డది" అని గోవిందు నవ్వాడు. నవ్వుతూనే సామ్యూల్ దగ్గరికి పోయాడు. సామ్యూల్ వాలీబాలుకు గాలి కొడుతున్నాడు. చీటీ చూసి తల ఎత్తలేదు.

"తప్పు కాదు గోవిందన్నా. అదే రాయాల్నట."

"పద్దెనిమిది పెద్దదా, పదకొండు పెద్దదా సారూ?"

"నేను పద్దెనిమిది అనే రాసిచ్చిన. ఆ పైన నా చేతుల లేదు."

"మెడల విజిల్ ఏలాడుతున్నది గద. దేనికది? పిల్లలను బెదిరియ్యనీకేనా?"

 బంతి బిగుసుకున్నాక కూడా సామ్యూల్ ఇంకా గాలి కొడుతూనే ఉన్నాడు.

హెడ్మాస్టరు రామకృష్ణ మాత్రం మర్యాదగానే కుర్చీ చూపించాడు. గోవిందు కూర్చోలేదు.

"నీ బిడ్డ బాగ ఉరికింది, నేను కాదంటలే. గని ఇది కమర్షియల్ స్కూలు గోవిందూ. ఉత్త ఉరుకుడే చూస్తె ఎట్ల? ఏ క్లబ్బుల పేరు లేని పిల్లను చాంపియన్ అంటె, రేపు క్లబ్బులకు ఎవరొస్తరు?"

"క్లబ్బు నాలుగున్నరకు సారు. మా ఊరి బస్సు పావుతక్కువ అయిదుకు."

"బస్సు టైము నేను పెట్టిన్నా?"

"క్లబ్బు టైము నువ్వే పెట్టినవు గద."

హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నిబంధనలు అనేటియి ఉంటయి."

"యాడున్నయి? ఆ బోర్డు రాసింది నేను. నాలుగే ఉన్నయి. మూడోది సదవాల్నా? 'అత్యధిక పాయింట్లు సాధించిన విద్యార్థికే వ్యక్తిగత చాంపియన్ బహుమతి.' జాగ సాల్తలేదంటె, సన్నగనన్న రాయి గని మాట తగ్గియ్యొద్దన్నవు. తొమ్మిదేండ్లాయె. నాకు యాదున్నది, నీకు లేదా?"

"అందుకే అయిదోది రాయాలె" అని హెడ్మాస్టరు సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "కింద జాగ ఉన్నది. పాత అక్షరాల లెక్కనే ఉండాలె. కొత్తగ రాసినట్టు కనపడొద్దు. రేపు పొద్దుగాల ఇది రాసి, తర్వాత ఆ పేరు రాసెయ్యి. అధ్యక్షుడు ఎల్లుండి వస్తుండు."

గోవిందు కాగితం అందుకుని చదివాడు. "నా బిడ్డ పేరు తీసేసేది నా చేతితోనేనా సారూ?"

"ఇంకొకన్ని పిలిస్తె అక్షరం కలవది గద" అన్నాడు హెడ్మాస్టరు. అందులో చెడ్డ మాట ఏమున్నదో ఆయనకు నిజంగానే తెలియలేదు.

సాయంత్రం యమున గడప మీద కూర్చుని జమాఖర్చుల లెక్క చేసుకుంటోంది. గోవిందు చెప్పిందంతా వింది. పెన్సిలు మాత్రం ఆపలేదు.

"నువ్వు రాస్తవా నాయినా?"

"నేను పోకుంటె ఇంకొకడు వస్తడు బిడ్డా."

"రానియ్యి. వాడు నాకు నాయిన కాదు గద." పెన్సిలు మొన విరిగింది. "నా పేరు లేకపోతె పాయె. ఆమె పేరు నువ్వు రాసి రా, ఇగ నాతోని మాట్లాడకు."

తెల్లవారి గోవిందు డబ్బాలు సైకిలుకు తగిలించుకుని బయల్దేరుతుంటే ఆమె మొహం తిప్పుకుంది. అతను కాగితం హెడ్మాస్టరు బల్ల మీద విసిరేసి రావాలనే బయల్దేరాడు. దారి పొడుగునా తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాడు. వరండాలోకి వచ్చాక బోర్డు చూశాడు. నాలుగు నిబంధనలు. కింద ఖాళీ. మూలన చీమంత 12-7-1996.

వేలితో ఆ తేదీని తడిమి చూశాడు. తర్వాత డబ్బా మూత తీశాడు.

కొత్త పసుపు మరీ మెరిసిపోతుంది. అందులో బొట్టు గోధుమ రంగు కలిపి, తొమ్మిదేళ్ల పాత పసుపు వచ్చేదాకా తిప్పాడు. దారం కొట్టాడు. మణికట్టు కింద కర్ర ఆనించి రాయడం మొదలుపెట్టాడు. '5. బహుమతి పొందుటకు ఏదేని ఒక క్లబ్బులో సభ్యత్వము తప్పనిసరి.' అంత శ్రద్ధగా అతను తన పెళ్లి పత్రిక మీద పేర్లు కూడా రాయలేదు. హెడ్మాస్టరు వెనక నిలబడి చూసి, "శభాష్. ముందుగాల్నే ఉన్నట్టున్నది. నీ చెయ్యి బంగారం" అన్నాడు.

గోవిందు బ్రష్షును మళ్లీ రంగులో ముంచి, ఆ వరస పక్కనే 18-2-2005 అని వేశాడు. ఈసారి చీమంత కాదు, నిబంధన ఎంత ఉందో తేదీ అంత.

"గిదేంది?"

"తేది సారు."

"తేది ఎవడు రాయమన్నడు?"

"ఎవడు రాయమంటడు? నేను రాసిన వరసకు నేను తేది ఏస్త. ఆ మూలకు చూడు. ఆ పేర్ల పక్కల చూడు. నీకు కనపడలేదంటె నేను చిన్నగ రాసిన, తప్పు నాదే. ఇయ్యాల పెద్దగ రాసిన."

"తుడువు."

"నువ్వే తుడువు. తడి మీదున్నది."

అంతలో గంట కొట్టారు. టైపు తరగతి ఆడపిల్లలు నీళ్ల సీసాలతో వరండాలోకి వచ్చారు. కొత్త రంగు వాసనకు ఆగారు. ఒకమ్మాయి పైకే చదివింది.

"పోటీలు పోయిన నెలనే అయిపాయె గదనే?"

"రూలు ఇయ్యాల పుట్టినట్టున్నది. ఇంక తడి గూడ ఆరలే."

ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్లలో ఉమ కూడా ఉంది. ఆమె నవ్వలేదు. తేదీ చదివి, సీసా నింపుకోకుండానే తిరిగి తరగతిలోకి పోయింది.

హెడ్మాస్టరు జేబురుమాలు తీసి బోర్డు మీద రుద్దాడు. పద్దెనిమిది, రెండు కలిసి పచ్చగా పులుముకుపోయాయి. చొక్కా చేతి అంచు కూడా పసుపయింది. 2005 మాత్రం పోలేదు. ఇంకా రుద్దితే నిబంధన కూడా పులుముకుపోతుందని ఆగిపోయాడు.

"ఆ పేరు రాసి నడువు" అన్నాడు రొప్పుతూ.

"ఆ బోర్డు నేను ముట్ట."

"మళ్ల ఈ గేట్ల అడుగు పెట్టవు."

"పెట్ట సారు. పిలిచినా పెట్ట. నా బిడ్డ మూడు పరుగులు గెలిచింది. ఆమెను ఎనక్కి గుంజనీకి నీకు నా చెయ్యే దొరికిందా?" గొంతు వరండా అంతా వినబడింది. ఇన్నేళ్లలో ఆ బడిలో అతను గొంతెత్తడం అదే మొదలు. డబ్బాలు సైకిలుకు తగిలించేటప్పుడు ఒక మూత జారి మెట్ల మీద దొర్లింది. వెనక్కి తిరిగి తెచ్చుకోలేదు.

శనివారం వార్షికోత్సవం జరిగింది. బోర్డు మీద పేరు లేదు గనుక, వేదిక వెనక ఉమ ఫోటోతో అప్పటికప్పుడు ప్లాస్టిక్ బ్యానరు వేయించారు. అది గంటలో తయారయిందని ఊళ్లో చెప్పుకున్నారు. తర్వాత ఆ బడి పనులన్నీ ఆ బ్యానర్ల దుకాణానికే పోయాయి. చాంపియన్ల బోర్డులో 2004-05 వరస ఖాళీగానే ఉంది. గోవిందు అక్షరం పక్కన ఇంకొకరి అక్షరం నిలబెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

యమున ఆ ఉత్సవానికి పోలేదు. వరండాలో జరిగింది ఆమెకు తోటి పిల్లల వల్ల తెలిసింది.

"నా పేరైతె లేదు గద" అంది తండ్రితో.

"లేదు."

 అతను ఓదార్చే మాట వెతుక్కోలేదు. కోపం ఇద్దరికీ తగ్గలేదు, తగ్గాలని కూడా ఇద్దరికీ లేదు.

వారం తర్వాత సామ్యూల్ బస్టాండు దాకా వచ్చి యమునకు ఒక కాగితం ఇచ్చాడు. నాగర్‌కర్నూలులో ఆదివారం పోటీలు. బడితో సంబంధం లేదు, ఎవరైనా ఉరకొచ్చు. ఎనిమిది వందల మీటర్లకు ఆమె పేరు అతనే రాసిచ్చాడు. ఇంటికి రాగానే యమున పదిహేడో నంబరు గుడ్డ తెచ్చి తండ్రి ముందు పరిచింది. ఉతికి ఉతికి రంగు తేలిపోయింది.

"కొత్తగ రాయి నాయినా. కింద తేది గూడ ఏయి."

"గుడ్డ నంబరుకు తేది ఎవరేస్తరు బిడ్డా?"

"ఏయి" అంది యమున. "పెద్దగ ఏయి."