జరుగుమనని బండి

నిన్న సాయంత్రం సిద్దిపేట చెరువు కట్ట మీద నడుస్తుంటే నా చెవి పక్కనుంచి ఏదో దూసుకుపోయింది. గంట కొట్టలేదు, పలకరించలేదు. ఈగ ముసిరినట్టు సన్నని మోత, ఆ వెంటనే చున్నీ కొంగు ఎగిరేంత గాలి. ఉలిక్కిపడి పక్కకు దూకాను. చూస్తే కరెంటు సైకిల్ మీద ఓ కాలేజీ పిల్లాడు, అప్పటికే మలుపు దాటుతున్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. నా నోరు ఎలాంటిదో నా దగ్గర చదువుకున్న పిల్లలను అడగండి, చెబుతారు. కానీ ఆ సన్నని మోత చెవిలోంచి ఇంకా పోకముందే తిట్టుకు బదులు వేరే మాట మనసులో మెదిలింది. "మల్లవ్వా, నేను, టీచర్ను. నీ కుడిదిక్కు వస్తున్న." రెయిలింగు పట్టుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాను.

ఆ మాట అన్న మనిషి మహమూదా బేగం. మీరు ఆమెను చూసి ఉండరు. తొగుట పోయే దారిలో బస్సు దిగి, ఒక కుంట కట్ట మీదుగా నడిచిపోవలసిన చిన్న ఊళ్లో ఆమె సర్కారు బడి నడిపేది. నేను డిగ్రీ అయ్యి, ఉద్యోగం దొరక్క, ఆ బడిలో విద్యా వాలంటీరుగా చేరాను. పెద్ద టీచర్ ఆమె, చిన్న టీచర్ నేను, మూడో మనిషి లేరు. ఆ ఊరికి వేసిన టీచర్లంతా నెల తిరగకముందే ఏదో ఒకటి చేసుకుని వెళ్లిపోయేవాళ్లట. ఆమె ఒక్కతే ఉండిపోయింది. ఆమె రాని రోజు నేను ఒక్కదాన్నే అన్ని తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి గొంతు చించుకునేదాన్ని. ఆమె పూర్తిగా రాకపోతే ఆ బడికి తాళమే. ఈ సంగతి ఊరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

అవి రాష్ట్రం కోసం ఊరూరా కొట్లాట నడుస్తున్న ఏండ్లు. బస్సు నడుస్తుందో లేదో పొద్దున లేస్తే గానీ తెలియదు. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. మహమూదా టీచర్ కూడా సెలవు దినాల్లో దీక్షా శిబిరంలో చాప మీద కూర్చుని వచ్చేది. మిగతా రోజులు బడి మానకూడదని ఆమె పట్టుదల. మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి, దూరం నడవలేదు. అందుకని బ్యాటరీతో నడిచే చిన్న స్కూటర్ ఒకటి కొన్నది. లైసెన్సు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు. రోడ్డు మీద దాని వేగం చూసి లారీవాళ్లు నవ్వేవాళ్లు. మొదటిరోజు అది చప్పుడు లేకుండా బడి గేటులోకి వచ్చేసరికి, పాపం చెడిపోయిన బండిని తోసుకొచ్చిందేమో అనుకున్నాను. పిల్లలు దానికి మూగబండి అని పేరు పెట్టారు.

మర్నాటి నుంచి నేనూ ఆ బండి వెనుక ఎక్కేదాన్ని. నాకు పుట్టుకతోనే తొందర ఎక్కువ. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే, అన్నం ఉడకకముందే విస్తరి వేసుకునే రకం. కుంట కట్ట దారి సన్నగా ఉండేది. ఒకపక్క నీళ్లు, ఒకపక్క పొలాల్లోకి వాలు. తూము దగ్గర మాత్రం కొంచెం వెడల్పు. ఆ దారి అందరిదీ. కల్లు కుండలు కట్టుకున్న సైకిళ్లు, మేకలు, బడి పిల్లలు, నెత్తిన గడ్డిమోపులతో ఆడవాళ్లు. రోడ్డు మీద ఓ మోస్తరుగా వచ్చే టీచర్, కట్ట ఎక్కగానే మనిషి నడక వేగానికి తగ్గించేది. మా ముందు రోజూ ఉండేది మల్లవ్వ. బర్రె కోసం తెల్లవారి గడ్డి కోసుకుని, తనకంటే పెద్ద మోపు నెత్తిన పెట్టుకుని వచ్చే ముసలామె. టీచర్ చాలా దూరం నుంచే పలకరించి, తన పేరు చెప్పి, తూము దాకా ఆమె వెనుకే వచ్చేది. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బర్రె సంగతి, కోడలి సంగతి, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. వెనుక కూర్చున్న నాకు అరికాళ్లు మండేవి.

ఒకనాడు ఇక పట్టలేక, హారన్ కొట్టమని, ఆలస్యం అమృతం విషం అన్నారని గొణిగాను.  ఆ మధ్యాహ్నం టీచర్ బడిలో వంటకు తెచ్చిన బియ్యం సంచి ఒకటి చూపించి, దాన్ని నెత్తిన పెట్టుకుని గేటు దాకా నడవమన్నది. సరదాకేమో అనుకుని నడిచాను. సగం దూరం పోయాక వెనుకనుంచి గట్టిగా, "స్వరూపా!" అని పిలిచింది. నేను గిరుక్కున తిరిగాను. సంచి తిరగలేదు. అది తన దారిన తాను పోయి, మూతి ఊడి, వాకిలంతా బియ్యం. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. వంట చేసే ఆమె నవ్వలేదు.

టీచర్ నా పక్కన పీట వేసుకుని బియ్యం ఏరుతూ అన్నది. "నెత్తి మీద బరువున్నోళ్లకు మర్లి చూసుడు కాదు బిడ్డా. యెనుక ఉన్నోళ్లకే కండ్లున్నయ్. నేను ఫలానా, ఈ దిక్కు నుంచి వస్తున్న అని మనమే చెప్పాలె. హారన్ అంటే ఏంది? జరుగు అనుడే గదా. నడిచేటోళ్లను జరుగుమననీకి మనమెవ్వరం?"

అప్పటినుంచి గమనించాను. నిజంగానే ఆమె నోట "జరుగు" అనే మాట ఎప్పుడూ రాలేదు. మేకలు అడ్డం వస్తే ఆగేది. చెవులు వినిపించని ఒక పెద్దాయన కట్ట మీద ఎదురుపడితే ఇబ్బంది లేదు గానీ, ముందు నడుస్తుంటే మాత్రం పిలిచినా లాభం లేదని, బండి దిగి, నొప్పి మోకాళ్లతో దాన్ని తోసుకుంటూ తూము దాకా ఆయన వెనుకే నడిచేది. నేను గడియారం చూసుకుంటుంటే, "ఆహిస్తా, బిడ్డా. బడి ఏడికి పోదు" అనేది. నిదానమే ప్రధానం అని బోర్డు మీద రాసి పిల్లలతో దిద్దించేది నేనే. నా బుర్రకు ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

చలికాలంలో ఒకరోజు సిద్దిపేటలో పెద్ద ర్యాలీ. రోడ్డు మీద పోలీసులు ఆపుతున్నారని చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద జెండాలు కట్టుకుని కుంట కట్ట మీదుగా వచ్చారు. సైలెన్సర్లు పీకేసిన బండ్లు, ఆగకుండా హారన్లు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఏ రాష్ట్రం కోసం టీచర్ చాప మీద కూర్చునేదో దాని కోసమే పోతున్నారు. మల్లవ్వ గడ్డిమోపుతో కట్ట మధ్యలో ఉంది. ఒక్కసారిగా అంత చప్పుడు వెనుక పడేసరికి బెదిరి మర్లి చూడబోయింది. మోపు ఒకవైపు గుంజింది, ఆమె వాలు మీదుగా పొలంలోకి దొర్లింది. భుజం విరిగింది. ముందు బండి మీద ఉన్నవాడు ఎవరో కాదు, ఆమె సొంత అక్క కొడుకు రాజు. ర్యాలీ వదిలేసి వాడే ఆమెను ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

ఊరికి కోపం వచ్చింది. రావలసిన కోపమే. సర్పంచు ఇంటి ముందు అంతా కూర్చుని, కట్ట మీద ఇక చక్రాల బండి నడవొద్దని తీర్మానం చేసి, రెండు కొసలకూ తుమ్మకంప కొట్టారు. మనిషీ పశువూ పోయేంత సందు మాత్రం వదిలారు. మర్నాడు మేము వచ్చేసరికి కంప అడ్డంగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరో చేసిన దానికి మనకేమిటి ఈ శిక్ష, పోయి సర్పంచును అడుగుదాం పదండి అన్నాను. టీచర్ బండి దిగి స్టాండు వేసింది.

"నాది గూడ చక్రాల బండే గదా" అన్నది. బండిని రోడ్డు పక్క కిరాణా కొట్టు దగ్గర పెట్టి, నా భుజం పట్టుకుని కట్ట మీద నడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. కట్ట దాటేసరికి ఆమె ముఖం పాలిపోయేది. కుర్చీలో కూర్చుని, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, నొప్పి మందు వాసన మధ్య లెక్కలు చెప్పేది. పిల్లలు అల్లరి మానేశారు. అది చూస్తే ఇంకా దిగులేసేది. ఇంతలో సిద్దిపేట పట్నంలోని ఒక బడికి వస్తారా అని పైవాళ్లు ఆమెను అడిగారు. ఇంటి దగ్గరే, మెట్లు కూడా లేని బడి. ఇట్లయితే నెల తిరిగేసరికి పోవలసి వస్తుందేమో అని ఒకనాడు నాతో మెల్లగా అన్నది. అంటే బడికి తాళం. నేను గొడవకు సిద్ధమయ్యాను. ఆమె ఒప్పుకోలేదు.

"దెబ్బ తాకింది మల్లవ్వకు. ఆ దారి సంగతి చెప్తె ఆమె చెప్పాలె. నేను గాదు, నువ్వు గాదు."

మరి ఆమెకు చెప్పొద్దా? సాయంత్రాలు మేము దవాఖానకు పోయి మల్లవ్వను చూసి వచ్చేవాళ్లం. టీచర్ సేమియా వండి తీసుకుపోయేది. మల్లవ్వ తన భుజం సంగతి పక్కన పెట్టి, బండి మంచిగున్నదా అని అడిగేది. మంచిగనే ఉన్నదని టీచర్ జవాబు. అబద్ధం కాదు, ఎండ తగలకుండా కొట్టు నీడన నిజంగానే మంచిగా ఉంది. నేను నోరు తెరవబోతే మంచం చాటున నా చెయ్యి గిల్లేది. ఆ గిల్లుడుకు ఒక్కోసారి మచ్చ పడేది. ఇంత మంచితనం ఏం చేసుకోను అని నాకు ఆమె మీదే కోపం వచ్చేది.

మల్లవ్వ కట్టు కట్టిన భుజంతో ఊరికి తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున, టీచర్ నా భుజం పట్టుకుని కుంటుకుంటూ కట్ట దిగుతుంటే గుమ్మంలోంచి చూసింది. బండేదని అడిగింది. టీచర్ మాట మార్చి, భుజం నొప్పి తగ్గిందా అన్నది. బడి పిల్లలు ఆగుతారా, ఒకరి మీద ఒకరు పడి అంతా చెప్పేశారు. మల్లవ్వ బాగున్న చేత్తో కొడవలి పట్టుకుని కట్ట దిక్కు నడిచింది. ఊరు ఊరంతా వెనుక పోయింది. మేమూ పోయాం. ఆమె ఒంటి చేత్తో కంప లాగుతుంటే సర్పంచు వచ్చి అడ్డు నిలబడ్డాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. నీ కోసమే గదా కొట్టింది, ఒక్క బండిని విడిచిపెడితే రేపు అన్ని బండ్లూ వస్తాయి అన్నాడు.

మల్లవ్వ కంప వదల్లేదు. "గా బండి ఇన్నొద్దుల సంది నా యెనుకనే వచ్చింది. ఒక్కనాడన్న నన్ను జరుగుమనలె. టీచర్ వచ్చినట్టు వస్తె ఎవ్వలనైన రానియ్యున్రి. అట్ల రానోన్ని ఆపున్రి."

ఎట్లా ఆపాలో ఎవరికీ తోచలేదు. అప్పటిదాకా తల దించుకుని వెనుక నిలబడ్డ రాజు ముందుకు వచ్చాడు. కంపను మొత్తం తీసెయ్యకుండా రెండు కొసల్లోనూ రెండేసి కుప్పలు చేసి, ఒకటి ఈ అంచుకు, కొంచెం దూరంలో రెండోది ఆ అంచుకు పెట్టాడు. ఇక ఏ బండైనా వంకర తిరిగి పోవలసిందే. వేగంగా వస్తే ముళ్లలోకే. కాళ్లు కింద ఆనిస్తూ మెల్లగా వస్తే ఇబ్బంది లేదు. సర్పంచు చూసి, సరే కానియ్యున్రి అన్నాడు. మర్నాడు ఆ సందులోంచి మొదట పోయింది మూగబండి. పట్నం బడికి రానని టీచర్ ఆ సాయంత్రమే చెప్పి వచ్చింది.

రాష్ట్రం వచ్చిన తర్వాత కొంత కాలానికి ఆమె రిటైరయింది. ఊరివాళ్లు డప్పులతో ఊరేగింపుగా రోడ్డు దాకా సాగనంపుతామన్నారు. పూలదండ వేసి, బండిని ముందు పెట్టుకోమంటే ఆమె ఒప్పుకోలేదు. కట్ట మీద తన జాగ ఎప్పుడూ వెనుకనే అన్నది. దాంతో ఊరేగింపు తిరగబడింది. డప్పులు ముందు, జనం ఆ తర్వాత, అందరికంటే వెనుక నడక వేగంతో బండి, దాని మీద ఆమె, ఆమె వెనుక నేను. మాకు సరిగ్గా ముందు మల్లవ్వ. ఆ రోజు ఆమె నెత్తిన మోపు లేదు. అయినా అలవాటు కొద్దీ మెడ నిటారుగా పెట్టుకుని, మర్లి చూడకుండానే మాట్లాడుతూ నడిచింది. తూము దగ్గరకు వచ్చాక ఆగి వెనక్కి తిరిగింది. మా ముందు నడుస్తూ మల్లవ్వ ఇలా మర్లి చూడడం అదే మొదటిసారి. టీచర్ బ్రేకు వేసి, కాళ్లు కింద ఆనించింది. ఎవరూ జరుగుమనకుండానే మల్లవ్వ పక్కకు జరిగింది.

"ఇగ నువ్వు ముందుకు పో, టీచర్" అన్నది.

నాకు ఏడుపు ఆగలేదు. ముందు కూర్చున్న ఆమె భుజాలు కూడా కదులుతున్నాయి.

ఇప్పుడు నాకూ ఒక కరెంటు స్కూటర్ ఉంది. ఆ రోజుల బండికంటే చాలా వేగంగా పోతుందట. నాకు తెలియదు, అంత వేగంగా ఎప్పుడూ పోనివ్వలేదు. నిన్న కట్ట మీద నడక ముగించి దాని మీద ఇంటికి పోతుంటే మా వీధి మొదట్లో, నెత్తిన కట్టెల మోపుతో ఒక పెద్దాయన నడుస్తున్నాడు. ఎవరో నాకు తెలియదు, ఆయనకు నేను తెలియదు. నేను వేగం తగ్గించి, దూరం నుంచే అన్నాను.

"తాతా, నేను, టీచర్ను. నీ కుడిదిక్కు వస్తున్న."

ఆయన మర్లి చూడలేదు. "రా బిడ్డా" అన్నాడు. సందు మలుపు దాకా ఆయన వెనుకే పోయాను.