రక్తం ఆగిన చోట

సర్... సర్... తోలుపట్టీ మీద కత్తి అటూ ఇటూ తిరిగే చప్పుడు. పూతలపట్టు కూడలిలో బస్సులు వచ్చినా పోయినా, తడిక వెనక ఆ చప్పుడు తెగదు. తడిక తీస్తే క్షౌరం చేసే పెంచలయ్య. గాటు పడితే వేలితో అదిమిపట్టడం, రక్తం గడ్డకట్టగానే "ఏం కాలేదు పోప్పా" అనడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం వేసవిలో మనవరాలికి పుట్టువెంట్రుకలు తీశారు. తాత కత్తే పడాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. అప్పుడే అతని బొటనవేలికి గోరుచుట్టు లేచింది.

"నాయనా, వేలు చీము పట్టుండాది. ఇంకొకర్ని పిలుద్దాం," అంది కూతురు మునిలక్ష్మి.

"నా మనవరాలి తల ఇంకొకడి చేతికిస్తానా? ఊరు నవ్వదా?"

తల గొరుగుతుంటే పాప ఉలిక్కిపడింది. చెవి వెనక చిన్న గాటు. ఆ వేలితోనే అదిమాడు. రక్తం నల్లపూసలా గడ్డకట్టి నిలిచింది. ఏం కాలేదన్నాడు.

కొన్నాళ్ళకే ఆ పూస కింద తల ఉబ్బింది. ఒళ్ళు పెనంలా కాలింది. పాలు తాగలేదు, చివరికి ఏడవను కూడా లేదు. ఆ ఏడవకపోవడమే పెంచలయ్యకు గుండెల్లో రాయి. తిరుపతి ఆసుపత్రి వరండాలో వేలిని పంచెలో దాచుకుని కూర్చున్నాడు. కూతురు ఆ వేలి వైపు చూడలేదు.

ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే జ్ఞానాంబ, పాప చీములోని క్రిమిని పెంచి, రక్తంలోంచి ఎర్రకణాలు తీసేస్తే మిగిలే పసుపుపచ్చటి నీళ్ళలో కలిపింది. మధ్యాహ్నానికి ఆ గాజుగొట్టాన్ని వంచి చూసింది. నీళ్ళు జారలేదు. తాటిముంజెలా పేరుకుని ఉన్నాయి.

గుమ్మంలో నిలబడ్డ పెంచలయ్య ముఖం వెలిగింది. "గడ్డకట్టినాది కదమ్మా! ఇంక నయమే కదా?"

"అదే బయమన్నా. ఈ పురుగు మన రక్తాన్నే గడ్డ కట్టించి, దుప్పటి మాదిరి కప్పుకుంటాది. ఒంట్లో కావిలి కాసేవాటికి ఆనవాలు దొరకదు. లోపలే కూసోని పెరుగుతాది."

పెంచలయ్య పంచెలోంచి వేలు తీసి చూసుకున్నాడు. జీవితమంతా తను నమ్మిన చోటే, ఆ గడ్డలోనే, పురుగు దాక్కుంది.

డాక్టరు ఉబ్బు కోసి కడిగాడు, సూదిమందు మార్చాడు. ఆశకూ భయానికీ మధ్య రోజులు ఈడ్చుకుంటూ పోయాయి. ఒక తెల్లవారుజామున వరండాలోకి పాల కోసం పాప ఏడుపు వినిపించింది. పెంచలయ్య కూడా ఏడ్చాడు.

ఆరేళ్ళు గడిచి, ఇప్పుడు ఆ పిల్ల బడికి పోతోంది. చెవి వెనక జుట్టు మొలవని మచ్చ ఉంది. ఇది రాస్తున్న నేను గడ్డం గీయించుకోడానికి కూర్చుంటే, పెంచలయ్య నూరడం ఆపి, రెండు చేతులూ వెలుతురులో చాపాడు.

"కత్తి తర్వాతప్పా. ముందు నా వేళ్ళు సూడు. నాకు కండ్లు సరిగా ఆనవు, నువ్వే బాగా సూసి చెప్పు."