బెయ్‌దాయ్‌హే ఒడ్డున నీలం సంచి

తాన్ యూఫెన్ అక్క ముప్ఫై ఒక్కేళ్లు రైల్లో టికెట్లు చూసింది. హార్బిన్ నుంచి బీజింగ్ వెళ్లే బండిలో ఆవిడా నేనూ ఒకే పెట్టెలో పనిచేశాం. ఆవిడ కళ్లుగప్పి ఎవరూ ప్రయాణం చేయలేకపోయేవారు. ఒకసారి ఒకాయన పెద్ద వాయిద్యం పెట్టె మోసుకుంటూ ఎక్కాడు. "ఏదీ, ఒక పాట వాయించు నాయనా" అంది. పెట్టె తెరిస్తే లోపల నాలుగు బాతులు! బయట కూడా అదే తీరు. కొన్న చేపని బజార్లో మొప్పలెత్తి వాసన చూసేది, ఇంటికొచ్చాక మళ్లీ చూసేది.

ఆవిడ రిటైరయ్యే ఏడాది జూలైలో మా ఇద్దరికీ సముద్రం ఒడ్డునున్న బెయ్‌దాయ్‌హేలోని రైల్వే విశ్రాంతి గృహంలో ఐదు రోజులు ఇచ్చారు. రెండో రోజు పొద్దున్నే ఉడికించిన మొక్కజొన్న కంకులు, దోసకాయలు, టీ ఫ్లాస్కు పట్టుకుని ఇసుకలో చాప పరుచుకున్నాం. నేను ఒక గంట ఈదివచ్చి వెల్లకిలా పడుకున్నాను. అక్క మాత్రం చెప్పుల మీద కూర్చుంది, ఎవరైనా ఎత్తుకుపోతారని.

"ఏమే, షావ్ హే, లే. వాణ్ణి చూడు" అని అక్క నన్ను తట్టింది.

యాభై దాటిన మనిషి ఒకడు వస్తున్నాడు. ఆ ఎండలో నిండు చేతుల చొక్కా, నల్ల బూట్లు. నీలం సంచి ఒకటి రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. తీరమంతా ఖాళీగా ఉన్నా సరిగ్గా మా పక్కకే వచ్చి ఆగాడు.

"అక్కయ్యా, ఈ సంచి కాస్త చూస్తుంటారా? ఇప్పుడే వస్తాను."

"ఏముంది అందులో?"

"ఏం లేదండీ. నిలువుగా ఉంచండి, అంతే."

బూట్లు విప్పి, ప్యాంటు మడుచుకుని నీళ్ల వైపు వెళ్లాడు. అక్క సంచికి జానెడు దూరం జరిగింది.

"ఏం లేకపోతే నిలువుగా ఎందుకే? దొంగసరుకు. లేదా తిరిగొచ్చి 'నా గడియారం పోయింది' అని గోల పెడతాడు. మనం దాన్ని ముట్టుకోకూడదు."

"స్నానానికొచ్చిన మనిషి అక్కా, పాపం."

"స్నానమా? తువ్వాలేదీ? మోకాళ్లు దాటి దిగాడా చూడు."

నిజమే, దిగలేదు. ఒంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చి సంచిని చూసుకున్నాడు. "ఎవరూ కదపలేదు కదండీ?" అని మళ్లీ వెళ్లాడు. ఇంకాసేపటికి ఇంకోసారి వచ్చాడు. ఈసారి అక్క కళ్లలోకి చూడలేదు. ఈల మెడలో వేసుకుని కాపలావాడు దూరంగా తిరుగుతుంటే, వాడు అటు వెళ్లేదాకా చూస్తూ నిలబడి, మళ్లీ నీళ్లలోకి దిగాడు.

"చూశావా? కాపలావాణ్ణి చూసి జంకుతున్నాడు" అంది అక్క. ఎండ చల్లబడితే వెళ్దామన్నదాన్ని, అప్పుడే వెళ్లిపోదామన్నాను. "వెళ్లిపోతే మన మీదకే వస్తుంది" అని అక్క సంచి జిప్పు లాగేసింది.

లోపల పూలపూల ఆడవాళ్ల శాలువాలో చుట్టిన టీ డబ్బా ఉంది. మూత చుట్టూ దారం నాలుగు పేటలుగా బిగించి కట్టి ఉంది. అక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపింది. లోపల గరగరమంది.

"ఊపకండి!"

అతను నీళ్లలోంచి పరిగెత్తుకొస్తున్నాడు. ఇసుకలో జారి పడి, లేచి, మా ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఏంటిది? చెప్పకపోతే కాపలావాణ్ణి పిలుస్తాను" అంది అక్క, డబ్బా వదలకుండా.

"మా ఆవిడండీ."

అక్క డబ్బాని చెవి దగ్గర్నుంచి మెల్లగా దించింది.

అతని పేరు జియా. చెంగ్డె దగ్గర గాజు ఫ్యాక్టరీలో కొలిమి పని. భార్య మార్చిలో పోయింది. సముద్రంలో కలపమని చివర్లో అడిగిందట. అస్థికలు కొన్ని ఈ డబ్బాలో తెచ్చాడు. ఇక్కడ కలపనిస్తారో లేదోనని కాపలావాడంటే భయం.

"మరి కలపకుండా నీళ్లు తడుముతూ కూర్చున్నావేం?" అక్క గొంతు ఇంకా కరుకుగానే ఉంది, కానీ డబ్బాని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ చుట్టేసింది.

"చల్లగా ఉన్నాయేమోనని చూస్తున్నానండీ. ఆవిడకి చలంటే పడదు. మే నెలలో కూడా మేజోళ్లు తీసేది కాదు." అతను ఆగి అక్క మొహంలోకి చూశాడు. "చల్లగానే ఉన్నాయి కదండీ? మీకేమనిపిస్తుంది?"

అక్క డబ్బాకి శాలువా మళ్లీ చుట్టి అతని చేతికిచ్చింది. ప్యాంటు పైకి లాక్కుని నీళ్లలోకి నడిచింది. జూలై ఎండకి కాగిన నీళ్లవి. పొద్దున ఈదుతుంటే నాకు గోరువెచ్చగా తగిలాయి. నడుముదాకా వెళ్లి చాలాసేపు నిలబడింది. తిరిగొచ్చి చలికి వణుకుతున్నట్టు పళ్లు టకటకలాడించింది.

"అబ్బో, మంచు! ఈ ఏడు సముద్రం వేడెక్కేలా లేదు తమ్ముడూ. ఇందులో ఎలా వదులుతావు? వచ్చే ఏడు వచ్చి చూద్దువుగాని."

జియా తలొంచుకున్నాడు. భుజాలు కదిలాయి. చేత్తో మొహం తుడుచుకుని "అవునండీ, చల్లగానే ఉన్నాయి" అన్నాడు. మేమిచ్చిన కంకి తిన్నాడు, రెండు కప్పుల టీ తాగాడు. భార్యకి పాటలు రావని, అయినా వంటింట్లో పాడేదని చెప్పి నవ్వాడు. మధ్యాహ్నం బండికి సంచి గుండెకి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతని కబురు మాకు తెలియలేదు.

సాయంత్రం గదికి నడుస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "అక్కా, నీళ్లు వెచ్చగానే ఉన్నాయి కదా?"

"నీకే తెలిసినట్టు! నోరు మూసుకుని నడువు" అంది. ఆవిడ ప్యాంటు ఇంకా తడిగానే ఉంది. మార్చుకోవడం మర్చిపోయింది.