సోమలింగం దున్నిన మసూర్ చేను

కోసాడ్ కాలనీలో మా కింది ఇంట్లో ఉండే సోమలింగం ఇరవై రెండేళ్లుగా పవర్‌లూమ్ నడుపుతున్నాడు. పోగు తెగితే కన్ను మూసి తెరిచేలోగా ముడివేస్తాడు. అందులో ఆయన్ని మించినవాడు లేడు, ఒప్పుకుంటాను. కానీ లోకమంతా మగ్గమే అనుకుంటాడు, నాకు మండేది అక్కడే.

మా బిల్డింగ్ వెనక మంచం వేసేంత ఖాళీ జాగా రెండు చోట్ల ఉంది. ఒకచోట సిమెంటు పోయించి స్కూటర్లు పెట్టిస్తానన్నాడు కమిటీ పెద్ద పరుశురాం. సొంతూళ్లో కూడా సెంటు భూమి లేని సోమలింగానికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది.

"అన్నా, నెల రోజులియ్యి. మసూర్ పప్పు పండిస్త."

"నెలలోపల పచ్చగ కనబడకుంటే సిమెంటే, చెప్తున్న."

ఇక చూడండి ఆయన సేద్యం! నాలుగుసార్లు తవ్వాడు. గడ్డలు చితక్కొట్టాడు. అదీ చాలక భార్య హారతి వాడుకునే పిండి జల్లెడ తెచ్చి మట్టిని జల్లించాడు. నేలలో ఉన్న కాస్త తేమా ఎండకి ఎగిరిపోయింది. ఆపైన మేకులు కొట్టి, దారాలు లాగి గింజలు పెట్టాడు. అంగుళానికి నలభై పోగులు చూసే కన్ను కదా, గింజకీ గింజకీ మధ్య చీమకి కూడా దారి ఇవ్వలేదు.

పోనీ, అక్కడితో ఆగాడా? రోజూ డ్యూటీ దిగగానే గింజలు తవ్వి చూసి మళ్లీ పూడ్చేవాడు.

"ఏందయ్యా గీ పని?" అని భార్య అడిగితే, "యాడ తెగిందో చూడొద్దా?" అనేవాడు.

జల్లెడ పాడైన కోపంలో హారతి మిగిలిన గింజల్ని రెండో జాగాలో, బట్టలుతికే బండ పక్కన విసిరికొట్టింది. అక్కడ ఎవరూ దున్నలేదు, నేలెప్పుడూ తడిగానే ఉంటుంది. వాకిలి ఊడ్చిన ఆకులు కూడా వాటి మీదే పోసింది.

గడువు రోజున పరుశురాం సిమెంటు బస్తాలతో దిగాడు. సోమలింగం మడిలో పిండిలాంటి మట్టి తప్ప ఏమీ లేదు. పాపం, ఆయన కళ్లల్లో నీళ్లు నిండాయి. నాకూ జాలేసింది. అప్పుడే పరుశురాం కాళ్లు కడుక్కోవడానికి బండ దగ్గరికి వెళ్లి, "గిదేందిరా?" అని అరిచాడు. ఆకుల్లోంచి మసూర్ జానెడు ఎత్తున, గుబురుగా లేచి ఉంది.

"అది గూడ నా చేనే!" అంటూ పరిగెత్తాడు సోమలింగం.

"నీదెట్లయితదయ్యా? నువ్వు ముట్టలే, గందుకే మొలిచింది," అంది హారతి.

పరుశురాం మాట తప్పలేదు. పచ్చగా ఉన్నచోటు వదిలేసి, సోమలింగం చదును చేసిన చోటే సిమెంటు పోయించాడు. మేస్త్రీకి పని తగ్గిందని మెచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు సోమలింగం సాయంత్రాలు బండ మీద కూర్చుని చేను చూసుకుంటున్నాడు. చేతులు ఒళ్లోనే ఉండాలని హారతి షరతు. నిన్న ఒక మొక్క వాలితే చటుక్కున జేబులోంచి దారం తీశాడు. నేను పైనుంచి కేకేశాను. చేతులు మళ్లీ ఒళ్లోకి పోయాయి.